రేకుల సావిట్లో లేతు మిషను

మా బావ కుడికన్ను పూర్తిగా పోయిన ఏడాదే మా ఇంటికి లేతు మిషను వచ్చింది. బావంటే నా మొగుడే, మా మేనత్త కొడుకు. ఊహ తెలిసిన దగ్గర్నుంచి బావా అని పిలిచిన నోటికి పెళ్లయ్యాక ఇంకో పిలుపు పట్టలేదు.

బావ ఆటోనగర్‌లో ఒక షెడ్డులో లేతు మీద పనిచేసేవాడు. ఇనప కడ్డీని మిషనుకి బిగిస్తే అది గిర్రున తిరుగుతుంది. దానికి పదునైన టూలు ఆనిస్తే బంగాళాదుంప తొక్కలాగా ఇనుము సుడులు సుడులుగా ఊడి వస్తుంది. కావలసిన లావుకి వచ్చేదాకా అలా చెక్కుతారు. ఆటోలకి బుష్షులు, లారీలకి పిన్నులు, హార్బర్లో మరపడవలకి షాఫ్టులు, ఏవి వస్తే అవి చేసేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి చొక్కా విప్పితే ఆయిలు వాసన. ఆ చొక్కాలు ఉతికేటప్పుడు సన్నటి ఇనప పీచు వేళ్లలో గుచ్చుకునేది. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. జనాల బట్టల్లోకి ఆ పీచు వెళ్లకూడదని బావ చొక్కాలు ఎప్పుడూ విడిగానే ఉతికేదాన్ని.

షుగరుందని కాలి పుండు మానకపోతే తెలిసింది. ఆ తర్వాత కొన్నాళ్లకి, ఒక పొద్దున్న మొహం కడుక్కుని వచ్చి, కంటికి సాలెగూడు అడ్డం పడినట్టుందని తువ్వాలుతో తుడుచుకుంటూనే ఉన్నాడు. ఎంత తుడిచినా పోలేదు. కంటాసుపత్రిలో లేజరన్నారు, ఇంజెక్షన్లన్నారు. చివరికి డాక్టరు నన్నూ పక్కన కూర్చోబెట్టి, కుడికన్ను ఇక రాదనీ, ఎడమకన్ను ఎన్నాళ్లు నిలబడితే అన్నాళ్లు నిలబెట్టుకుందామనీ చెప్పారు. తిరిగి ఆటోలో బయల్దేరాం. సింధియా జంక్షను దాటాక బావ ఉన్నట్టుండి రోడ్డు పక్క బోర్డులు పైకి చదవడం మొదలుపెట్టాడు. టైర్ల కొట్టు, చికెన్ సెంటరు, పంక్చర్లు వేయబడును. మల్కాపురంలో మా సందు మొదట్లో దిగేదాకా ఒక్క బోర్డు వదల్లేదు. నేను ఊఁ కొడుతూ కూర్చున్నాను.

ఒంటికన్నుతో చేసిన పనులు షెడ్డుకి వెనక్కి రావడం మొదలైంది. ఒకటి వదులు, ఒకటి బిగువు. ఓనరు గారు మంచాయన. గద్దించలేదు. మిషను మీదనుంచి తప్పించి గేటు దగ్గర సరుకు చూసుకోమన్నారు. బావకి అది గద్దింపు కన్నా ఎక్కువైంది. అన్నం దగ్గర కూర్చుని అరచేతులు చూసుకునేవాడు.

ఆ ఓనరు గారికి కూడా వయసైపోయింది. చివరికి షెడ్డు మూసేసి, స్థలం ఏదో గోడౌనుకి అద్దెకిచ్చేశారు. కొత్త మిషన్లు కొనేవాళ్లు కొనుక్కుపోయారు. మూలనున్న పాత లేతు ఒక్కటీ మిగిలిపోయింది. అది ఎప్పుడో ఓడల రిపేరు యార్డులో పనిచేసిందట, ఏ దేశం నుంచి వచ్చిందో ఎవరికీ తెలీదు, పేరున్న ఇత్తడి పలక ఎవరో ఊడబీక్కుపోయారు. తోలు బెల్టుతో తిరిగే రకం. పల్లెనుంచి వచ్చిన కొత్తలో బావ పని నేర్చుకున్నది దాని మీదే. పాతినప వాళ్లు గ్యాస్ కట్టరు పట్టుకొచ్చి ముక్కలు కోసి తీసుకెళ్తామన్న రోజు, బావ ఓనరు గారి దగ్గరికి వెళ్లి, తనకి రావలసినదేమీ వద్దనీ, ఆ లేతు ఇచ్చేయమనీ అడిగాడు.

ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పినప్పుడు నేను కూర తాలింపు వేస్తున్నాను. గరిట అలాగే పట్టుకుని నిలబడిపోయాను.

"దాన్ని తెచ్చి ఏటి సేత్తావు బావా?"

"సావిట్లో ఎడతాను."

"సూపు సరీగా ఆనదు కదా నీకు. లేతెందుకు ఇప్పుడు?"

పొయ్యి మీద ఆవాలు మాడిపోయాయి.

"ఉన్న సూపు పోయీలోగానే," అన్నాడు. "తర్వాత ఎలాగూ లేదు కదే."

నేను మాడిన ఆవాలు పారబోసి మళ్లీ తాలింపు వేశాను.

మా ఇంటి పక్కన గోడకానుకుని రేకులు దించిన సావిడి ఒకటుంది. పాత సైకిలు, కర్రలు, ఖాళీ డబ్బాలు అక్కడే ఉండేవి. రెండ్రోజులు కూర్చుని అన్నీ తీసేశాం. మేస్త్రీని పిలిచి నేల తవ్వించి కంకర, సిమెంటు పోయించి, నాలుగు బోల్టులు పైకి నిలబడేట్టు దిమ్మ కట్టించాడు బావ. ఆ దిమ్మ ఆరేదాకా రోజూ నేనే నీళ్లు పోశాను.

లేతుని తెచ్చిన రోజు సందంతా బయటికొచ్చేసింది. పోర్టులో బరువులు దించే కలాసీల్ని మాట్లాడాడు. వాళ్లు ఆటోనగర్లో చైను పుల్లీతో వ్యాను మీదకి ఎక్కించి తెచ్చారు. వ్యాను సందులోకి పట్టలేదు. మలుపు దగ్గరే దించి, కింద ఇనప పైపులు పరిచి, గునపాలతో తోస్తూ దొర్లించుకొచ్చారు. వెనక పైపు ఖాళీ అవగానే ఒకడు తీసి ముందు పెట్టేవాడు. "ఐలెస్సా" అని ఒకడంటే మిగతావాళ్లు అందుకునేవాళ్లు. ఇళ్లవాళ్లు బళ్లు, కుండీలు లోపలికి లాక్కున్నారు. ఎదురింటి ముసలమ్మ బుగ్గన చెయ్యేసుకుని, "ఏటమ్మా, ఇంట్లో ఫ్యాట్రీ ఎడతారేటి?" అంది.

బావ మాత్రం ఎవరి మాటా వినిపించుకోలేదు. మిషను పక్కన నడుస్తూ దాని మీద చెయ్యి ఆనించే ఉంచాడు. పల్లెలో మా మామయ్య సంతలో కొన్న ఎద్దుని తోలుకొచ్చేటప్పుడు మూపురం మీద అలాగే చెయ్యేసి నడిచేవాడు. మా గేటు దగ్గర పట్టక ఒక స్తంభం పగలగొట్టాల్సి వచ్చింది. దాన్ని మళ్లీ కట్టించనే లేదు.

తర్వాత నెల రోజులూ మా సావిడంతా కిరసనాయిలు వాసన. ఎన్నేళ్ల జిడ్డో, గట్టిపడి నల్లటి బెల్లప్పాకంలా అంటుకుపోయింది. బావ ఒక్కో భాగం విప్పి తట్టలో వేసి కడిగేవాడు. ఒక పక్క రంగు రేగిపోయి, ఒక పక్క తుప్పు, కానీ టూలు అటూ ఇటూ జరిగే పొడవాటి ఇనప పట్టా, బెడ్డంటారు, అది మాత్రం తుడిచేకొద్దీ నీళ్లలా మెరిసింది. బావ దాని మీద బొటనవేలు పెట్టి ఈ చివర్నుంచి ఆ చివరకి పాకించి, "అరగలేదే, సూడు," అన్నాడు. నాకేం తెలుస్తుంది. సరేనన్నాను.

అసలు కష్టం మట్టం చూడటంలో వచ్చింది. మిషను దిమ్మ మీద ఏ మాత్రం వాలినా పని వంకరొస్తుందట. రసమట్టం దాని మీద పెట్టి, గాజు గొట్టంలో బుడగ సరిగ్గా రెండు గీతల మధ్యకి వచ్చేదాకా కింద రేకు ముక్కలు దూర్చాలి. బావ వంగి ఎడమకన్ను దగ్గరగా పెట్టి చూశాడు. లేచి కళ్లు నులుముకున్నాడు. మళ్లీ వంగాడు. తర్వాత నావైపు తిరక్కుండానే పిలిచాడు.

"ఇలగ రా. నువ్వు సూసి సెప్పు."

"నాకు తెలీదు కదా బావా."

"తెలవడానికేటున్నాది. బుడగ ఎటుందో సెప్పు. నాను మిగతాది సూసుకుంటాను."

నేను వంగి చూశాను. ఎడమ, కుడి అంటే ఇద్దరం ఎదురెదురుగా ఉండి తికమకపడ్డాం. అందుకని సముద్రం వైపు, కొండ వైపు అనడం మొదలుపెట్టాను. "సముద్రం వైపుంది." బావ నట్టు వదులు చేసి, ఆయిలు డబ్బా కోసిన పల్చటి రేకు లోపలికి దూర్చి బిగించేవాడు. "ఇప్పుడు?" "కొండవైపు ఎల్పోనాది." మళ్లీ విప్పేవాడు. ఒక మూల కుదిరితే ఇంకో మూల చెడేది. నాలుగైదు రోజులు అదే పని. నా జాకెట్లన్నీ ఆగిపోయాయి. ఒకటి రెండుసార్లు విసుక్కున్నాడు, నేనూ విసుక్కున్నాను. మధ్యలో లేచి టీ పెట్టుకుని, ఆ దిమ్మ మీదే కూర్చుని తాగేవాళ్లం.

పెళ్లయి అన్నేళ్లయినా పగటిపూట మేమిద్దరం ఒక చోట అంతంతసేపు ఉన్నది ఎప్పుడూ లేదు. పొద్దున్న వెళ్తే చీకటి పడ్డాకే వచ్చే మనిషి. ఆ రోజుల్లో బావ మొహం ఎలా ఉండేదో నాకింకా గుర్తుంది. పల్లెలో మా ఇంటి వెనక చెరుకు తోటలో పెళ్లికాక ముందు చూసిన మొహం. అంత సంతోషం ఇన్నేళ్ల తర్వాత, అదీ ఇలాంటప్పుడు వచ్చిందే అని నేను వంటింట్లోకి వెళ్లి కొంగుతో కళ్లు తుడుచుకునేదాన్ని.

బెల్టు తెగిపోయి ఉంటే బజారులో చెప్పులు కుట్టే ఆయన కుట్టిపెట్టాడు. ఇంటి కరెంటుకి పాత మోటారు తిరగదంటే, తెలిసిన ఎలక్ట్రీషియన్ చిన్న మోటారు పెట్టాడు. ఒక మంచిరోజు చూసి పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టాను. బావ స్విచ్చి వేశాడు. ఇంట్లో ఫ్యాను నెమ్మదించింది, బల్బు మసకబారింది. సావిట్లో బెల్టు టప్ టప్ మని కొట్టుకుని, కాసేపటికి సర్దుకుని, ఒకే తీరున మోగింది. బావ మిషను మీద అరచెయ్యి పెట్టి కళ్లు మూసుకుని నిలబడ్డాడు. మొట్టమొదట నా కుట్టుమిషను తొక్కుడుబల్లకి ఇత్తడి బుష్షు చేసిపెట్టాడు. ఎన్నాళ్లనుంచో లొడలొడలాడుతున్న బల్ల మెత్తగా ఆడింది.

కొన్ని నెలలు బాగానే గడిచాయి. చుట్టుపక్కల ఆటోలవాళ్లు చిన్న చిన్న పనులు తెచ్చేవారు. కొలత చూడాల్సి వచ్చినప్పుడు బావ నన్ను పిలిచేవాడు. కొలిచే పరికరం మీద సన్నటి గీతలు, చీమల బారులాగా. ఏ గీతకి ఏ గీత కలిసిందో చూసి చెప్పడం నేర్చుకున్నాను. పనైపోయిన ముక్క మీద గోరు పెట్టి గీసి, నున్నదనం చూసుకునేవాడు.

తర్వాత ఎడమకంటికీ మంచు కమ్మడం మొదలైంది. బావ నాతో చెప్పలేదు. కంచంలో కూర ఎక్కడుందో వేళ్లతో వెతకడం చూసి నాకే తెలిసింది. ఒక రోజు ఆటో అబ్బాయి గేటు దగ్గర నిలబడి లోపలికి రాకుండా నన్ను పిలిచాడు. చేతిలో బుష్షు.

"పెద్దమ్మా, ఇది లూజైపోనాది. పెదనాన్నకి సెప్పకు. నాను మరోసోట సేయించీసుకుంటాను," అన్నాడు.

సావిట్లోంచి బావ, "ఎవులే?" అని అడిగాడు. "ఎవులూ కాదు," అన్నాను. కానీ విన్నాడు. ఆ అబ్బాయిని పిలిచి, కొత్తది చేసిచ్చాడు. అదీ సరిపోలేదని ఆ అబ్బాయి మొహం చూస్తే నాకర్థమైంది. సరిపోయిందని చెప్పి తీసుకెళ్లాడు. మళ్లీ రాలేదు. ఒకరి తర్వాత ఒకరు అందరూ అలాగే మానేశారు. బావ మాత్రం రోజూ మిషను దగ్గరికి వెళ్లి పాత ముక్కలేవో బిగించి చెక్కుతూనే ఉండేవాడు.

ఒక రోజు మధ్యాహ్నం నేను సావిడి గుమ్మం పక్కన పీట వేసుకుని కూర్చుని, మునగాకు దూసి బేసిన్లో నీళ్లల్లో వేస్తున్నాను. బావ కడ్డీ బిగిస్తున్నాడు. బిగించడానికి ఒక బరువైన ఇనప తాళంచెవి లాంటిది ఉంటుంది. దాన్ని మిషను మూతిలో పెట్టి తిప్పి, తీసేశాకే స్విచ్చి వెయ్యాలి. పనిలో చేరిన మొదటి రోజునే ఎవరికైనా చెప్పే మాట అది. బావ తీశాననుకున్నాడు. తీయలేదు.

స్విచ్చి పడింది. ఏదో నా చెవి పక్కనుంచి గాలి కోసుకుంటూ పోయి వెనక రేకుకి తగిలింది. పిడుగు పడ్డట్టు చప్పుడు. బేసిన్ నా ఒళ్లో తిరగబడింది. దెబ్బ తగల్లేదని నాకు తెలుసు, కానీ గొంతు పెగల్లేదు.

బావ మిషను ఆపేశాడు.

"ఏటే... ఎక్కడున్నావే? ఒసే, పలకవేటే!"

నేను అక్కడే ఉన్నాను, నాలుగడుగుల దూరంలో. నేను కనపడలేదు బావకి. చేతులు ముందుకు చాపి తడుముకుంటూ వచ్చి, బేసిన్ తన్నుకుని, నా మీద పడ్డట్టే కూర్చున్నాడు. నా తల, మొహం, మెడ, భుజాలు రెండు చేతులతో తడిమాడు. ఒళ్లో నీళ్లు చేతికి తగిలాయి. చెయ్యి ఆగిపోయింది.

"తడి... ఈ తడేటే?" అని చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"నీళ్లు బావా," అన్నాను ఎలాగో. "నీళ్లే. మునగాకు నీళ్లు. నాకేటీ అవలేదు."

బావ ఆ తడినేల మీదే కూలబడి ఏడ్చాడు. చిన్నపిల్లాడిలా కాదు, చప్పుడు లేకుండా, ఒళ్లంతా అదిరేట్టు. నేను వీపు నిమురుతూ ఉండిపోయాను. తడి మునగాకు మా ఇద్దరి ఒంటికీ అంటుకుపోయింది.

సాయంత్రం బావ గోడ తడుముకుంటూ వెళ్లి మిషను బోర్డులోంచి ఫ్యూజులు పీకి నా చేతిలో పెట్టాడు. "దాసీ. రేపు నానడిగినా ఇవ్వకు," అన్నాడు. బియ్యం డ్రమ్ములో అడుగున దాచాను.

ఒకసారి మాత్రం అడిగాడు. వానాకాలం మొదలైన రోజులు. "ఒక్కపాలి వట్టినే తిప్పి ఆపీత్తాను. పనేటీ ఎట్టను. సప్పుడు ఇందామని," అన్నాడు. డ్రమ్ము మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను, అంతే. ఇంకోసారి బతిమాలి ఉంటే ఇచ్చేసేదాన్నే. బావ, "మంచి పనే సేత్తన్నావు," అని వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. మళ్లీ అడగలేదు.

కానీ మిషనుని వదిలెయ్యలేదు. మాకు ఉప్పుగాలి, పోర్టు దుమ్ము రెండూ ఎక్కువే. ఒక్క వారం ఊరుకుంటే ఇనుము ఎర్రబడిపోతుంది. రోజూ పొద్దున్నే ఆయిలు గుడ్డతో ఈ మూల నుంచి ఆ మూలకి తుడిచేవాడు. అది అయ్యాక ఏం చెయ్యాలో తెలీక, గుడ్డ చేతిలో పట్టుకుని అక్కడే నిలబడి ఉండేవాడు.

ఏడాది పైగా అలాగే నడిచింది. పాత షెడ్డులో బావ పక్కన పనిచేసిన ఒకాయన ఆటోనగర్‌లోనే సొంతంగా చిన్న షెడ్డు పెట్టుకున్నాడు. చుట్టాలు కాకపోయినా వాళ్లిద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవాళ్లు. చూడ్డానికి వచ్చి, మాటల్లో నసుగుతూ ఆ లేతు సంగతి ఎత్తాడు. నేను బావ మొహం చూడలేక గిన్నెలు సర్దుకున్నాను.

"పట్టుకెల్పో బావా," అన్నాడు బావ వెంటనే. "ఇక్కడుంటే దానికీ ఏటీ లేదు, నాకూ ఏటీ లేదు."

తీసుకెళ్లే రోజు నట్లు తనే విప్పాడు. ఎవరినీ ముట్టనివ్వలేదు. కింద దూర్చిన రేకు ముక్కల్ని తీసి, ఏ మూలవి ఆ మూలవిగా విడి విడి గుడ్డల్లో మూటలు కట్టాడు. అక్కడ నేల వేరు, అవి పనికిరావని నాకూ తెలుసు, ఆ వచ్చినాయనకీ తెలుసు. ఆయన నాలుగు మూటలూ జాగ్రత్తగా జేబులో పెట్టుకున్నాడు.

"పొద్దున్నే ఎంటనే పని ఎట్టీకు. కాసేపు మెల్లగా తిరగనీ," అని బావ చెప్పాడు. "అలాగే బావా, అలాగే," అంటూ ఆయన బావ చెయ్యి పట్టుకుని వదల్లేకపోయాడు. కలాసీలు మళ్లీ పైపులు పరిచారు. ఈసారి ఎవరూ బయటికొచ్చి చూడలేదు. బావ గేటు దగ్గర నిలబడి, "మలుపు తిరిగీసిందా?" అని అడిగాడు.

"తిరిగీసింది."

"గోడకి తగల్లేదు కదా?"

"లేదు బావా."

సిమెంటు దిమ్మలోంచి నాలుగు బోల్టులు నిలబడి ఉండిపోయాయి. మర్నాడే మనిషిని పిలిచి వాటిని కోయించేశాడు. "ఉంచితే నానే తగిలి పడతాను," అని కాస్త నవ్వాడు. ఆ షెడ్డాయన అప్పుడప్పుడూ ఫోను చేసి లేతు బాగా ఆడుతోందనీ, ఒకసారి వచ్చి చూడమనీ అంటాడు. "వత్తాంలే," అంటాడు బావ. ఇంతవరకూ వెళ్లలేదు.

ఇప్పుడు బావకి ఎడమకంట్లో వెలుగూ చీకటీ తేడా ఒక్కటే మిగిలింది. కంటాసుపత్రికి ఇంకా వెళ్తూనే ఉన్నాం. కూర్చోబెట్టి డాక్టరు టార్చి వేసి, వెలుగు ఎటునుంచి వస్తోందో చూపించమంటారు. బావ వేలెత్తి చూపిస్తాడు. ఆ ఒక్క పరీక్షకే ముందురోజు నుంచీ హైరానా పడతాడు, గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ బయల్దేరతాడు.

మొన్న వెళ్లినప్పుడు డాక్టరు టార్చి కుడిపక్క పట్టుకున్నారు. బావ ఆలోచించి, ఆలోచించి, ఎడమపక్కకి చూపించాడు. డాక్టరు ఏమీ అనకుండా టార్చి ఆర్పి, ఎప్పుడూ వాడే చుక్కలే మళ్లీ రాశారు. మెట్లు దిగేటప్పుడు బావ నా భుజం మీద చెయ్యేసి, గొంతు తగ్గించి అడిగాడు.

"సరీగానే సెప్పినానేటి?"

"సరీగానే సెప్పినావు బావా," అన్నాను. "మెట్టుంది, సూసుకో."